శౌరయ్య చెప్పిన చోట్లు

నరసరావుపేటలో నేనుండే ఇంటి మేడ మీద, సాయంత్రం గాలి తిరిగే వేళ, తీగ మీద ఆరేసిన దుప్పటి ఒక్కసారి ఉబ్బి, పటపటా కొట్టుకుని, నీరసంగా వేలాడిపోతుంది. కింద కుర్చీలో పత్రిక చదువుకుంటున్న నా చెయ్యి ఆ చప్పుడుకి దానంతటదే పక్కకి కదులుతుంది, అక్కడేదో తాడు ఉన్నట్టు. తెరచాప గాలిని జారవిడిచే ముందు సరిగ్గా ఇలాగే కొట్టుకుంటుంది. ఈ వీధిలో ఆ సంగతి తెలిసినవాళ్లు మరెవరూ లేరు. పల్నాడు నుంచి తెరచాప పడవలు కృష్ణలో దిగి, బెజవాడ దాటి, కాలువల వెంట దక్షిణాదికి పోయేవంటే ఇప్పటివాళ్లు మర్యాదకి తల ఊపుతారు గాని నమ్మరు. నమ్మించాలని నేనూ ప్రయత్నించను. ఆ చప్పుడుతో నాకు ఇద్దరు మనుషులు గుర్తొస్తారు. ఒకరు మా పడవ నడిపిన శౌరయ్య. రెండోవారు ఆయన భార్య ఇన్నమ్మ. వాళ్లతో నేను చేసిన ప్రయాణం ఒక్కటే. నా తరవాతి జీవితంలో ఎవరి దగ్గరా అంత నేర్చుకున్నానని చెప్పలేను.

మాది గురజాలకి ఉత్తరాన కృష్ణ ఒడ్డున ఊరు. తాతగారి రోజుల్లో మాకు నాపరాతి గనులుండేవి. ఆ రాళ్లనీ, మిరపకాయలనీ, చింతపండునీ మోసే పడవలుండేవి. నాకు ఊహ తెలిసేనాటికి గనులు లేవు, పొలాల్లో చాలా భాగం లేదు. అవి ఎలా పోయాయో రాయడం నాకు ఇష్టం లేదు. నడుం వంచకుండా నడిచే అలవాటు ఒకటీ, పాత పడవ ఒకటీ మిగిలాయి. ఆ పడవని నడిపే శౌరయ్యది రెంటచింతల. మా ఇంట్లో అందరూ ఆయన్ని శౌరిగాడు అనేవాళ్లు. నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు ఆయన అని రాస్తున్నాను.

మా పడవలకి తాతగారు పెట్టిన కట్టుబాట్లు రెండు ఉండేవి. పొద్దుగూకితే పడవ రేవులోనే కట్టాలి, పది పడవల మధ్య, దీపాల వెలుగులో. ఒంటరి గట్టున కట్టకూడదు. ఆ రోజుల్లో సరుకు పడవలకి దొంగల భయం ఎక్కువ. రెండో కట్టుబాటు, ఆడవాళ్లు పడవ ఎక్కకూడదు. దానికి కారణం ఎవరూ అడగలేదు. ఈ రెండూ తప్పినవాడికి మా దగ్గర పని ఉండేది కాదు.

పందొమ్మిదివందల అరవై ప్రాంతంలో, ఎగువన పెద్ద డ్యామ్ లేస్తున్న రోజుల్లో, నాన్నగారు పడవని అమ్మడానికి ఒప్పుకున్నారు. సరుకంతా లారీలకి మళ్లింది. దక్షిణాన కాలువ ఒడ్డున ఒక ఉప్పు వ్యాపారి కొంటానన్నాడు. పడవని అక్కడిదాకా తీసుకుపోయి అప్పజెప్పాలి. నాన్నగారికి ఆరోగ్యం బాగాలేదు కాబట్టి మా తరఫున నేను వెళ్లాలి. అప్పుడు నాకు ఇరవై దాటాయి. చదువు ఆగిపోయింది. ఒకరి దగ్గర ఉద్యోగం చెయ్యడం మా ఇంట్లో తక్కువగా చూసేవాళ్లు. అలా ఖాళీగా ఉన్నాను.

ఈ సంగతి తెలిసిన వారంలోపే ఇన్నమ్మ రెంటచింతల నుంచి నడిచి మా ఇంటికి వచ్చింది. నేను ఆమెని చూడడం అదే మొదటిసారి. బక్కగా, పొడుగ్గా ఉంది. మెడలో నల్లపూసల పక్కన చిన్న సిలువ. వరండా మెట్ల కింద నిలబడి, పడకకుర్చీలో ఉన్న నాన్నగారితో నేరుగా మాట్లాడింది.

"పడవ అమ్ముతున్నారంట గదా దొరా. అది పోయేలోగా నేనొకసారి ఎక్కాల."

"ఆడవాళ్లని ఎక్కించే ఆచారం మా పడవల్లో లేదమ్మా," అన్నారు నాన్నగారు.

"సరుకున్న పడవల్లో లేదు. ఇప్పుడు దాంట్లో ఏముంది, గాలి తప్ప?"

నాన్నగారు చాలాసేపు ఆమె వంక చూశారు. ఆయనతో అలా మాట్లాడినవాళ్లు ఆ ఊళ్లో లేరు. "ఎందుకమ్మా నీకు?" అన్నారు చివరికి.

"ముప్పయ్యేళ్లుగా ఆయన చెప్పటం, నేను ఇనటం. పిట్టల మడుగంట, తెల్లబండంట. పడవ కట్టుకుంటే మనిషి అలికిడి ఉండదంట. నీళ్ల సప్పుడు తప్ప ఏదీ ఇనపడదంట. ఏటికి పది నెలలు ఆయన అక్కడ, నేను రెంటచింతల ఎండలో. ఒక్కసారి కళ్లతో చూస్తే నా మనసు కుదుటపడుద్ది."

నాన్నగారు నా వైపు తిరిగి, "వెళ్లనీ" అన్నారు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు సడలడం నేను చూడడం అదే మొదలు.

వరదలు తీసి, ఈశాన్యపు గాలి మొదలయ్యాక బయల్దేరాం. ఖాళీ పడవ కాబట్టి కూలీలు అక్కర్లేదన్నాడు శౌరయ్య. చుక్కాని దగ్గర ఆయన, ముందు భాగంలో వంటకుండలతో ఇన్నమ్మ, మధ్యలో మా ఇంటి నుంచి తెచ్చుకున్న మడతకుర్చీలో నేను. యజమానిని కాబట్టి కుర్చీలో కూర్చున్నాను. పడవ ఊగినప్పుడల్లా కుర్చీ కూడా ఊగేది. అయినా దిగలేదు.

మొదటిరోజు మధ్యాహ్నం నుంచీ శౌరయ్య రెండు గట్లూ వెతుకుతున్నట్టు చూస్తుండడం గమనించాను. ఏటిని చేతి గీతల్లా ఎరిగినవాడు అలా వెతకడమెందుకో అర్థం కాలేదు. పొద్దు వాలుతుండగా, కుడివైపు గట్టు లోపలికి వంగిన చోట, తుమ్మచెట్ల నీడలో పడవని ఆపాడు. గడ వేసి లోతు చూసుకున్నాడు. ఒకసారి చాలక రెండోసారి, మూడోసారి చూశాడు. తరవాత భార్యతో గట్టిగా అన్నాడు, "ఇదేనే పిట్టల మడుగు. ఏటేటా ఇక్కడే కట్టేవాణ్ణి."

ఇన్నమ్మ గట్టెక్కి చుట్టూ చూసింది. "పిట్టలేయి?"

"ఇంకా రాలా. పొద్దుగూకితే వస్తయ్."

"నీతో చెప్పి పోయినయ్యా ఏంది?"

ఆమె పొయ్యి రాళ్ల కోసం అటు వెళ్లగానే నేను లేచి చుక్కాని దగ్గరికి వెళ్లాను. నాకు కోపంగా ఉంది. మా తాతగారి మాట ముప్ఫయ్యేళ్లపాటు ఎవరికీ తెలియకుండా తప్పాడని నా కోపం.

"ఇది రేవు కాదు శౌరీ."

"కాదు బాబుగారూ."

"ఏటేటా ఇక్కడే కట్టేవాణ్ణని చెప్పావు. తాతగారి కట్టుబాటు తప్పావా?"

"ఒక్కనాడు గూడా తప్పలా. రేవులో తప్ప కట్టిందే లేదు."

"మరి ఆమెకి చెప్పింది?"

"అబద్ధం," అన్నాడు. నీళ్లు ఎంత లోతో చెప్పినట్టు, అంత మామూలుగా.

తరవాత గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. పెళ్లైన కొత్తలో ఆమె, రేవుల్లో ఎట్టా పడుకుంటావు అని అడిగేదట. రేవులంటే తాగుడు, కొట్లాటలు, దోమలు, కుళ్లిన చేపల కంపు, పడవ పడవకీ తిరిగే ఆడవాళ్లు. అవన్నీ చెబితే పదహారేళ్ల పిల్ల భయపడుతుందని, చల్లటి గట్టున, మనిషి అలికిడి లేని చోట కట్టుకుంటానని చెప్పాడు. ఆ చోటు ఎట్టుంటది, అని అడిగింది. చెప్పాడు. మళ్లీ వచ్చినప్పుడు ఇంకో చోటు అడిగింది. ఇంకోటి చెప్పాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ చోట్లకి చెట్లు పుట్టాయి, పిట్టలు చేరాయి, పేర్లు వచ్చాయి. ఆయన మరిచిపోయినవి కూడా ఆమెకి గుర్తే.

"ఇప్పుడు వెతికి చూపించాల బాబుగారూ. సరుకు లేదు గదా, దొంగల భయం లేదు. మీరు సెలవిస్తే రోజూ ఇట్టాటి చోటే చూసి కడతా. లేదు, రేవుకే పోవాలంటారా, పోతా. కానీ దానికి తెలిసిపోద్ది. ఒకటి అబద్ధమని తెలిస్తే అన్నీ అబద్ధాలేననుకుద్ది. ఆ రేవుల్లో ఇంకేమేం చేశాడో అనుకుద్ది. ఈ వయసులో దాని ముందు దొంగలాగా నిలబడాల."

నేను ఆలోచించాను. మా ఇంట్లో అబద్ధమాడడం తప్పు. కానీ ఆయన్ని ముప్ఫయ్యేళ్లు ఆ కంపులో పడుకోబెట్టింది మా కట్టుబాటే. రెండూ కలిపి చూస్తే ఏ వైపు న్యాయమో తేలలేదు.

"ఎక్కడైనా కట్టుకో," అన్నాను. "నన్ను అడిగితే మాత్రం నేను అబద్ధం చెప్పను."

"మిమ్మల్నెందుకు అడుగుద్ది? పెద్దింటోళ్లతో మాట్లాడాలంటే దానికి చానా బెరుకు," అన్నాడు శౌరయ్య. తన భార్యని గురించి ఆయనకి తెలిసింది అంతే అని అప్పుడే అనిపించింది నాకు.

ఆ తరవాతి రోజులు ఒక పరీక్షలా నడిచాయి. పగలంతా శౌరయ్య కళ్లు గట్ల మీదే. దాటిపోతున్న ప్రతి వంపునీ తాను ఎప్పుడో చెప్పిన మాటలతో పోల్చుకునేవాడు. ఇన్నమ్మ పడవ అంచున కూర్చుని, కాళ్లు నీళ్లలో వేలాడేసి, ఆ మాటల్ని ఒక్కొక్కటే గుర్తుచేసేది. పులిచింతల దాకా కొండలు ఏటి మీదికి వచ్చే ఆ భాగమంతా నిజంగానే ప్రశాంతంగా ఉండేది. సాయంత్రాలు నీళ్లు కదులుతున్నట్టే ఉండేవి కావు. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఏరే అయినా, ఇద్దరు మనుషులు దాన్ని అంత పట్టిపట్టి చూడడంతో నేనూ చూశాను.

తెల్లబండ దగ్గర శౌరయ్య దొరికిపోతాడనుకున్నాను. ఒక ఇసుక దిబ్బ పక్కన పడవ కట్టి, ఇదే తెల్లబండ అన్నాడు. అక్కడ బండ అనేది లేదు.

"ఏనుగంత ఉంటదన్నావే. పడుకుంటే వీపు చల్లబడుద్దన్నావే. ఏదీ?"

"వరదకి పోయింది."

"బండ వరదకి పోతదా?"

"కృష్ణ వరద సంగతి నీకు తెలీదులే."

"ఏనుగంత బండ కొట్టుకపోయింది, దాని పక్కన ఈ తంగేడు చెట్టు మాత్రం ఉంది."

"చెట్టు తరవాత మొలిచింది."

ఇన్నమ్మ తంగేడు మొదలు చేత్తో పట్టుకుని చూసింది. బొటనవేలంత కూడా లేదు. "సరే, ఇదొకటి నిజమే," అంది. శౌరయ్య అటు తిరిగి తలపాగా ఊడదీసి మొహం తుడుచుకున్నాడు.

మరునాడు ఎడమ గట్టున ఆగాం, అంటే తెలంగాణ వైపు. మేము పొయ్యి వెలిగించగానే మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. ఎవరు, ఏ ఊరు అని అడిగాడు. నేను కుర్చీలోంచి లేచి మా ఇంటిపేరూ, తాతగారి పేరూ చెప్పాను. మా పడవలు ఈ ఏట్లో ఎంతకాలంగా నడిచాయో కూడా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"నాకు ఎరుక లేదు బిడ్డా. మేకపాలు గావాల్నా?" అన్నాడు.

ఇన్నమ్మ నవ్వు ఆపుకోవడానికి పొయ్యి ఊదింది. పాలు తీసుకున్నాం. ఆ పాలు పోసి ఆమె వండిన జొన్నగటక నేను కుర్చీలో కూర్చుని తిన్నాను.

బెజవాడలో మాత్రం తప్పించుకునే దారి లేకపోయింది. దక్షిణపు కాలువలోకి దిగాలంటే సీతానగరం లాకుల దగ్గర వరసలో ఆగాలి. అక్కడ ఒంటరి గట్టు అనేది లేదు. సాయంత్రానికి మా పడవ అటూ ఇటూ పడవల మధ్య ఇరుక్కుంది. ఒక పక్క తాటిబెల్లం పడవ, ఈగలు. ఇంకో పక్క ఎండుచేపల పడవ. గట్టు మీద కల్లు దుకాణం. ఎవడో ఎవణ్ణో తల్లితో సహా తిడుతున్నాడు. నీళ్ల మీద పేడా, అరటి తొక్కలూ తేలుతున్నాయి. ఇన్నమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

అప్పుడొక పడవవాడు, శౌరయ్య వయసువాడే, తాగి ఉన్నాడు, గట్టు మీంచి కేకేశాడు. "ఏరా శౌరీ, అక్కడ కట్టావేందిరా? నీ గుంజ ఖాళీగానే ఉందిగా, దుకాణం కింద. ఇన్నేళ్లు నువ్వు పడుకున్న చోట ఇంకోణ్ణి కట్టనిస్తానా నేను?"

శౌరయ్య వినపడనట్టు తాడు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టిన తాడునే విప్పి మళ్లీ చుట్టాడు. ఇన్నమ్మ ఆ దుకాణం కింద ఉన్న గుంజని చూసింది. తాడు రాపిడికి అది నడుములో సన్నబడి ఉంది. ఆ సాయంత్రం అన్నం వడ్డించేటప్పుడు కూడా ఏమీ అనలేదు. ఆమె మాట్లాడకపోవడం ఆ ప్రయాణంలో అదే మొదలు. శౌరయ్యకి ముద్ద దిగలేదు.

లాకులు దాటి కొమ్మమూరు కాలువలో పడ్డాక రెండోరోజు గాలి చచ్చిపోయింది. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి గట్టు మీంచి మనుషులు లాగాలి. శౌరయ్య చుక్కాని వదలడానికి లేదు. ఆయన ఏదో అనేలోపే ఇన్నమ్మ చీర ఎగదోపి, తాడు భుజాన వేసుకుని గట్టెక్కింది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె అడుగులు వేస్తోంది. తాడు బిగిసింది. పడవ కదిలింది, నేను కూడా కదిలాను. ఒక ఆడమనిషి లాగుతుంటే పల్లకీలో కూర్చున్నట్టు పోవడం మా తాతగారు కూడా ఒప్పుకోరనుకున్నాను. కుర్చీ మడిచి పక్కన పెట్టి, గట్టు మీదికి దూకి, తాడు కొస నేను కూడా పట్టుకున్నాను.

"మెత్తటి చేతులు, బొబ్బలెక్కుతయ్ అబ్బాయిగారూ," అంది వెనక్కి చూడకుండా.

"ఎక్కనీ."

చాలాదూరం నడిచాం. తాడు పొడవు వల్ల శౌరయ్య మాకు బాగా వెనక ఉన్నాడు. అక్కడికి మా మాటలు వినపడవు. అది ఆమె నాకంటే ముందే గమనించినట్టుంది.

"మీరు పెద్దింటోళ్లు, అబద్ధమాడరంటారు. ఒక మాట అడుగుతా చెప్పండి. మా ఆయన ఆ చోట్లలో ఎప్పుడన్నా పడవ కట్టాడా?"

తాడు నా భుజం మీద కోస్తోంది. ఒక్క మాటతో ఒక మనిషి ముప్ఫయ్యేళ్ల సంసారం ఏమవుతుందో నాకు తెలుసు. వెనక్కి తిరిగి చూడాలనిపించింది, చూడలేదు.

"లేదు," అన్నాను. "ఒక్కసారి కూడా లేదు. రేవులోనే కట్టాలని మా తాతగారి కట్టుబాటు. అది ఆయన తప్పలేదు."

ఆమె నడక ఆగలేదు. కాసేపటికి, "అయితే ఇన్నేళ్లూ ఆ కల్లు దుకాణం కిందేనా," అంది.

"అలాంటి చోట్లే."

"నేనేమనుకున్నానో తెలుసా? సున్నపు బట్టీలో పగలంతా రాళ్లు మోసి ఇంటికొస్తే, రెంటచింతల ఎండకి గోడలు గూడా సెగలు కక్కేయి. నేల మీద నీళ్లు చల్లుకుని పడుకునేదాన్ని. ఆయనేమో ఆ తెల్లబండ మీద వీపు చల్లబడేట్టు పడుకుని ఉంటాడనుకునేదాన్ని. బిడ్డకి జరమొచ్చి నేను దిక్కులేకుండా కూర్చున్నప్పుడు, ఈయన పిట్టల్ని చూస్తా ఉన్నాడనుకున్నా. ఏడుపు గాదు, ఒళ్లు మండేది. సుఖమంతా ఒక్కడే పడుతున్నాడని. ఇంటికొస్తే నెలరోజులు సూటిపోటి మాటలే. ఎందుకంటున్నానో ఆయనకి తెలీదు పాపం."

తాడు చూసుకుంటూ నడిచాను. నాకు అనుభవం లేని విషయం.

"అయితే ఇప్పుడు మేం చూసినయ్యన్నీ ఆయనక్కూడా కొత్తేనా?"

"కొత్తే. మొదటిసారి మీతోనే."

ఇన్నమ్మ తాడుని ఒక భుజం మీంచి రెండో భుజం మీదికి మార్చుకుంది. ఆమె మొహం నాకు కనపడలేదు. "ముందే చెప్పుంటే సగం తిట్లు తప్పేయి గదా మొగుడికి," అంది. మరికొంత నడిచాక, "నాకు తెలిసినట్టు ఆయనతో అనబాకండి," అంది.

"నేను అబద్ధం చెప్పను."

"చెప్పమన్లా. నోరు మూసుకోమంటున్నా అబ్బాయిగారూ."

అప్పటిదాకా నాతో ఎవరూ అలా అనలేదు. నేను నోరు మూసుకున్నాను.

కొమ్మమూరు కాలువ దాటి సముద్రం పక్కన దక్షిణంగా పోయే పెద్ద కాలువలో పడ్డాం. మళ్లీ గాలి పుట్టింది. ఇసుకనేల, సరుగుడు తోపులు, ఉప్పు మడులు. సముద్రం కనపడేది కాదు గాని, ఇసుక దిబ్బల అవతల నుంచి దాని హోరు వినపడేది. శౌరయ్య చెప్పిన చోట్లలో ఇక ఒక్కటే మిగిలిందని ఇన్నమ్మ నాతో అంది. మొగలిపొదల చోటు. పడవ కట్టుకుంటే పొదలు మూడు వైపులా గోడల్లా ఉంటాయట, పైన ఆకాశం మాత్రమే కనపడుతుందట. అన్నిటికంటే బాగా చెప్పింది అదేనట. దానికోసం శౌరయ్య రెండు రోజులుగా వెతుకుతున్నాడు. మొగలి దొరికిన చోట లోతు లేదు. లోతున్న చోట మొగలి లేదు. వ్యాపారి ఊరు మరునాడు మధ్యాహ్నానికి వస్తుంది. ఆ సాయంత్రమే చివరిది.

శౌరయ్య మొహం చూస్తే ఓటమి ఒప్పుకున్నట్టే ఉంది. తెరచాప దించి, మామూలు గట్టున ఒక చోట పడవని ఆపబోయాడు. ఆయన నోరు తెరిచి ఏం చెప్పబోతున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా నిజమే చెప్పబోయాడేమో.

"ఏమయ్యా, కళ్లు కనపడట్లేదా?" అంది ఇన్నమ్మ ముందు నుంచి. "దాటిపోతున్నావు. అదిగో, ఆ పాయలోకి తిప్పు."

ఆమె చూపించిన వైపు కాలువలోంచి ఒక చిన్న పాయ లోపలికి పోతోంది. దాని మొదట్లో రెల్లు గుబురుగా ఉంది. మొగలి అనదగ్గది ఒక్క పొద, అదీ సగం ఎండింది. ఎదురుగా ఉప్పు మడి, దాని మీద ఎవరిదో విరిగిన ఏతం.

శౌరయ్య ఆ ఒక్క పొదనీ, భార్యనీ మార్చి మార్చి చూశాడు. "అదంటావా?"

"నన్నడుగుతావేందయ్యా, ఏటేటా కట్టినోడివి నువ్వు. నువ్వు చెప్పినట్టే ఉంది. పొదలు కొట్టేసినట్టున్నారు, వంటచెరుక్కి."

ఆయన చుక్కాని తిప్పడం మరిచిపోయాడు. పడవ కొంచెం అడ్డం తిరిగింది. తరవాత మెల్లగా, "అదే," అన్నాడు. "కొట్టేశారు. లేకపోతే నేనే గుర్తుపట్టేవాణ్ణి."

"వయసైపోయింది నీకు," అంది ఇన్నమ్మ.

ఆ పాయలో పడవ కట్టాం. వంట అయ్యాక వాళ్లిద్దరూ గట్టు మీద ఇసుకలో కూర్చున్నారు, నేను పడవలో ఉన్నాను. శౌరయ్య ఆ చోటు గురించి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. పూర్వం ఇక్కడ మొగలి ఎంత గుబురుగా ఉండేదో, వాసన ఎంత దూరం వచ్చేదో. ఆమె మధ్యలో అడ్డొచ్చి, అది కాదు, నువ్వు ఇట్టా చెప్పావు అని సరిదిద్దుతోంది. ఆయన ఒప్పుకుంటున్నాడు. ముందు రోజుల్లో ఆమె అడిగిన మాటలే అవి. ఆ రోజు మాత్రం పరీక్ష లేదు. నేను మడతకుర్చీ తియ్యలేదు, పడవ పలకల మీదే కూర్చున్నాను.

మరునాడు పడవని అప్పజెప్పాను. వ్యాపారి పలకలు తట్టి చూసి, బాగుందన్నాడు. తన దగ్గరే ఉండిపొమ్మని శౌరయ్యని అడిగాడు. ఇన్నమ్మ ఆయన వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. వంటకుండలు మూట కట్టుకుని ఇద్దరూ నాతో పాటు రైలెక్కి గుంటూరు దాకా వచ్చారు. అక్కణ్ణించి వాళ్ల దారి వాళ్లది, నా దారి నాది. వీడ్కోలు మాటలేమీ అనుకున్నట్టు గుర్తు లేదు.

కొన్నేళ్ల తరవాత శౌరయ్య పోయాడని తెలిసి విజయపురి సౌత్ వెళ్లాను. వాళ్లబ్బాయి డ్యామ్ దగ్గర రాతిపనిలో కుదురుకుని తల్లిదండ్రుల్ని అక్కడే పెట్టుకున్నాడు. ఇన్నమ్మ నాకు స్టూలు వేసి, తాను గడప మీద కూర్చుంది. పెద్దగా ఏడవలేదు. "ఆఖరిదాకా ఆ తెల్లబండ వరదకే పోయిందన్నాడు," అంది. "పోయిందిలే అన్నా." పక్కింటివాళ్లు వస్తే నన్ను చూపించి, "ఈ అబ్బాయిగారి పడవలోనే మేమిద్దరం దక్షిణానికి పోయింది. ఎంత చల్లటి చోట్లని," అని చెప్పడం మొదలుపెట్టింది. నన్ను సాక్ష్యం అడగలేదు. అడిగినా ఇబ్బంది లేదు, ఆ మాట నిజమే.

నేను వాళ్ల నుంచి ఏం తెచ్చుకున్నానంటే, సూటిగా చెప్పగలిగింది ఒక్కటే ఉంది. ఆ ప్రయాణం అయిన రెండో ఏట నాకు పెళ్లయింది. మా ఆవిడది రొంపిచెర్ల దగ్గర రైతు కుటుంబం. ఆమె కాపురానికి వచ్చాక మా అమ్మ ప్రతి సాయంత్రమూ ఆమెని ఎదురుగా కూర్చోబెట్టి మా వంశం గొప్పతనం చెప్పేది. వరసగా వచ్చే పడవలు, పంక్తికి వందమంది భోజనాలు, గుర్రాలు. మా ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని వినేది. అల్మారా తెరవాలంటే అడిగేది. కుర్చీలో కూర్చునేది కాదు. సిగ్గు అనుకున్నారందరూ, నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు ఆమె నన్ను అడిగింది.

"మీకు ఆ రోజులన్నీ గుర్తే గదా?"

ఆ గొంతు నేను ఇదివరకు విన్నాను. సుఖమంతా ఎక్కడో, ఎవరికో, తనకి ముందే అయిపోయిందని అనుకునేవాళ్ల గొంతు అది. మా ఇంటి వారసుడిగా నేను చెప్పవలసిన జవాబు ఒకటి సిద్ధంగా ఉంది. చిన్నప్పటి నుంచీ అందరికీ చెబుతూ వచ్చాను.

"లేవు," అన్నాను. "నేను పుట్టేసరికి గుర్రాల్లేవు. పడవ ఒక్కటే ఉండేది, అదీ నీళ్లు కారేది. వానాకాలం ఈ ఇంట్లో పళ్లేలు ఎక్కడెక్కడ పెట్టాలో, నాకు తెలిసిన వైభవం అదే."

ఆమె నన్ను నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. "మరి అత్తయ్య చెప్పేయి?"

"అమ్మ కాపురానికి వచ్చేసరికే చాలా పోయాయి. ఆవిడా సగం విన్నవే."

ఆమె పైకప్పు వైపు చూసి, "ఆ మూల కూడా కారుద్దా?" అంది.

"అన్నిటికంటే ఎక్కువ ఆ మూలే."

అప్పుడు ఆమె నవ్వింది. మా ఇంట్లో ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు. ఈ నాటికీ మా వంశం గురించి ఎవరైనా అడిగితే నేను కళ్లతో చూసిందే చెబుతాను, మిగతాది అడిగినా చెప్పను. ఆ మాట జరిగిన మరునాడు నేను బయటి నుంచి వచ్చేసరికి, తాతగారు పోయాక ఎవరూ కూర్చోని ఆయన పట్టెమంచాన్ని మా ఆవిడ వెలుతురు కోసం కిటికీ దగ్గరికి ఈడ్చుకుంది. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చాటలో బియ్యం ఏరుతోంది. గుమ్మంలో నిలబడ్డ మా అమ్మ ఏదో అనబోయింది. నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్లి ఆ మంచం రెండో కొసన కూర్చున్నాను.